బూజు దులపకండి

పోయినేడాది వరలక్ష్మీ వ్రతానికి ముందురోజు సాయంత్రం. మా ఆవిడ కబోర్డులోంచి ఉప్పాడ పట్టుచీర తీసి మంచం మీద పెట్టి, "ఏమండీ, ఓసారి ఇలా రండి" అంది. ఆ గొంతు వింటేనే ఏదో కొంప మునిగిందని అర్థమైంది. నేరేడుపండు రంగు చీర అది, మా పెళ్ళి నాటిది. మడత పొడవునా, జరీ అంచు పక్కనే, చిటికెడు ముగ్గుపిండి జల్లినట్టు తెల్లటి నూగు. వేలు పెడితే మెత్తగా అంటుకుంది. ముక్కు దగ్గరికి తెచ్చుకుంటే, చాన్నాళ్ళు మూత తియ్యని బియ్యం డబ్బా తీసినప్పుడు వచ్చే ముక్క వాసన. దాని కింది చీర తీశాం, దానికీ ఉంది. ఆ కింది దానికీ ఉంది. గోడవైపు ఉన్న మడతలన్నిటికీ ఉంది, తలుపువైపు ఉన్నవాటికి లేదు. ఈ చివరి సంగతి ఆరోజు చూశాం గానీ పట్టించుకోలేదు.

మా అమ్మ వచ్చింది. "ఏవుందమ్మా, బూజే కదా. దులిపితే పోద్ది" అని చీర తీసుకుని హాల్లోకి వెళ్ళి, ఫ్యాను కింద నిలబడి, రెండు కొసలూ పట్టుకుని పటపటా నాలుగు దులుపులు దులిపింది. ట్యూబులైటు వెలుగులో తెల్లటి పొగ లేచి, ఫ్యాను గాలికి సుడి తిరిగి, ఎటో పోయింది. ఆ కిందే మావాడు, ఏడేళ్ళవాడు, బోర్లా పడుకుని హోంవర్కు రాసుకుంటున్నాడు. వాడికి చిన్నప్పటి నుంచీ కాస్త ఉబ్బసం ఉంది. రాత్రి రెండింటికి ఆయాసం మొదలైంది. ఇంట్లో ఉన్న నెబ్యులైజరుకి లొంగలేదు. మర్నాడు పేరంటాళ్ళు తాంబూలానికి వచ్చే వేళకి మేం పిల్లల ఆసుపత్రిలో ఉన్నాం. అక్కడ డాక్టరుగారు వాణ్ణి చూస్తూ చూస్తూనే అడిగారు: "ఇంట్లో ఎక్కడైనా చెమ్మ ఉందా?"

అమ్మను తప్పుపట్టను. భాషే ఆవిడకి అలా నేర్పింది. ఈ వ్యాసమంతా "దులపడం" అనే ఆ ఒక్క మాటతో నా తగాదా.

తెలుగులో బూజు అంటే రెండు. ఇంటి కప్పుకీ మూలలకీ వేలాడే సాలెగూడు, దానికి పట్టిన మసీ దుమ్మూ ఒకటి. ఊరగాయ మీద, రొట్టె మీద, చెప్పుల మీద, బట్టల మీద లేచేది ఇంకొకటి. మొదటిదానికి ప్రాణం లేదు; పండక్కి ముందు తలకి తువ్వాలు చుట్టుకుని బూజుకర్రతో దులిపితే వదిలిపోతుంది. రెండోది బతికున్న శిలీంధ్రం. మనకి కనబడే తెల్లటి, పచ్చటి, నల్లటి పొడిలో ఉన్నవి దాని సిద్ధబీజాలు, అంటే విత్తనాల్లాంటివి. బూజుల్లో ఒక రకమైన ఆస్పర్‌జిల్లస్ జాతి బీజం సుమారు 3 మైక్రాన్లు. మన తల వెంట్రుక మందం 70 మైక్రాన్ల దాకా ఉంటుంది. అంత సన్నటిది ముక్కులో ఆగదు, గొంతులో ఆగదు, ఊపిరితిత్తుల లోపలిదాకా పోతుంది. ఫ్యాను కింద దులిపితే గంటల తరబడి గాలిలో తేలుతుంది, చెమ్మ తగిలిన చోట మళ్ళీ మొలుస్తుంది. మా గోదావరి జిల్లాల్లో నారు పొయ్యకుండా చేలో నేరుగా వడ్లు చల్లడాన్ని వెదజల్లడం అంటారు. మా హాల్లో ఆ సాయంత్రం జరిగింది అదే.

కనక బూజు కనబడగానే ముందు ఫ్యాను కట్టెయ్యండి. పిల్లల్నీ, ఉబ్బసం ఉన్నవాళ్ళనీ, కీమోథెరపీ లాంటివి నడుస్తున్నవాళ్ళనీ ఆ గదిలోంచి పంపెయ్యండి. కరోనా నాటి ఎన్95 మాస్కు ప్రతి ఇంట్లో ఏదో ఒక సొరుగులో ఉంటుంది. దాని సాగుడు తాడు ఇంకా పనిచేస్తుంటే పెట్టుకోండి, లేకపోతే కొత్తది కొనండి. గుడ్డ మాస్కు ఇక్కడ పనికిరాదు. చేతులకి తొడుగులు వేసుకుని, బట్టల్ని ఉన్నచోటే పెద్ద ప్లాస్టిక్ కవర్లలో నెమ్మదిగా దించి, మూతి కట్టి, అప్పుడు మేడమీదికి మొయ్యాలి. అక్కడ గాలికి వీపుపెట్టి నిలబడి మెత్తటి బ్రష్షుతో తుడవాలి. పని అయ్యాక మీ ఒంటిమీది బట్టలు నేరుగా వాషింగ్ మెషీన్లోకే. ఇంత హడావిడి ఒక చీరకా అంటే, ఆసుపత్రిలో రెండు రాత్రులు గడిపినవాడిగా, అవునండీ, ఒక్క చీరకే.

ఉతికే బట్టలయితే గొడవ తక్కువ. ఆ నేత తట్టుకోగలిగినంత వేడినీళ్ళు, మామూలు సర్ఫు. రంగు నూలు బట్టలకి ఆక్సిజన్ బ్లీచ్ (ప్యాకెట్ మీద సోడియం పెర్‌కార్బనేట్ అని రాసి ఉంటుంది) కలిపి ఓ అరగంట నానబెట్టచ్చు, ముందు లోపలి అంచున ఒక మూల పరీక్షించుకుని. తెల్ల నూలుకి నిమ్మరసం, ఉప్పు, ఎండ అనే అమ్మమ్మల కాలపు వైద్యం ఇప్పటికీ కొంత పనిచేస్తుంది. పట్టు దగ్గరా ఉన్ని దగ్గరా మాత్రం చేతులు కట్టేసుకోండి. అవి మాంసకృత్తులు. క్లోరిన్ బ్లీచ్ వాటిని కరిగించేస్తుంది. మచ్చ పోయిందో లేదో చూసుకోడానికి చీర మిగలదు. ఆక్సిజన్ బ్లీచ్ కూడా పట్టుకి వద్దు. పొడి బ్రష్షు, నీడలో రెండు రోజుల ఆరబెట్టడం, ఆ తర్వాత డ్రైక్లీనింగ్. అక్కడ ఇచ్చేటప్పుడు "ఇవి బూజు మచ్చలు" అని వేలుపెట్టి చూపించి మరీ చెప్పండి, లేకపోతే మామూలు మురికిలాగే చూస్తారు. తెల్ల నూగు పోతుంది. ముదురు చుక్కలు చాలాసార్లు పోవు, అవి శిలీంధ్రం వదిలిన రంగు. ఉతక్కుండా ఇస్త్రీ చేస్తే అవి ఇంకా గట్టిపడతాయి.

నూలుకి పట్టిన బూజు దాన్ని అంటిపెట్టుకుని ఊరుకోదు, తింటుంది. దాచిన చీర తీస్తే మడత దగ్గర చీకిపోయి ఉండడం మనందరం చూసిందే. రెండో ప్రపంచయుద్ధంలో సాలమన్ దీవుల్లో అమెరికా సైన్యం గుడారాలూ బట్టలూ ఇలాగే చీకిపోతుంటే, ఎందుకా అని ఆరాతీసి ఒక శిలీంధ్రాన్ని పట్టుకున్నారు. ట్రైకోడెర్మా రీసై అని దాని పేరు. అది వదిలే ఎంజైములు నూలులోని సెల్యులోజును చక్కెరగా విరగ్గొడతాయి. ఇప్పుడు ఆ ఎంజైములనే పరిశ్రమల్లో తయారుచేసి, కొత్త జీన్స్ ప్యాంటు పాతబడినట్టు వెలిసిపోయి కనబడ్డానికి వాడుతున్నారు. సైనికుడి గుడారాన్ని తిన్న బూజు మావాడి ప్యాంటుకి ఫ్యాషనైంది.

మన నేతచీరలకయితే ఇంకో సంగతి ఉంది. మంగళగిరి గానీ వెంకటగిరి గానీ గంజి పెట్టి, ఇస్త్రీ చేయించి, ఫెళఫెళలాడుతుంటే దాచుకుంటాం. గంజి అంటే అన్నం వార్చిన నీళ్ళే కదా. ఆరు నెలలు బీరువాలో ఉండే చీరకి గంజి పెట్టి దాచడమంటే బూజుకి విస్తరి వేసి పిలవడమే. దాచేటప్పుడు గంజి పోయేలా ఉతికి దాచండి, కట్టుకునే వారం ముందు పెట్టుకోండి.

* * *

మా అమ్మ ఆవకాయ జాడీ దగ్గర నిప్పు. మామిడికాయ ముక్కల్ని ఒక్కొక్కటీ పొడిగుడ్డతో తుడుస్తుంది. జాడీని రెండ్రోజులు ఎండలో పెడుతుంది. తడి గరిటెతో ఎవరైనా దగ్గరికొస్తే చేతిమీద ఒక్కటి పడుతుంది. ఉప్పూ నూనే ఉన్నా, చుక్క నీరు పడితే బూజు లేస్తుందని ఆవిడకి ఏ పుస్తకమూ చెప్పక్కర్లేదు. అదే అమ్మ, శ్రావణమాసపు ముసురులో అంచులు ఇంకా చల్లగా తగులుతున్న చీరని "ఆరినట్టేలే" అని మడిచి కబోర్డులో పెడుతుంది. ఇదే నాకు ఆశ్చర్యం. జాడీకి ఉన్న నియమం బీరువాకి ఎందుకు లేదు?

లెక్క రెండు చోట్లా ఒకటే. బీజాలు ఎక్కడైనా ఉంటాయి, వాటిని లేకుండా చెయ్యడం ఎవరివల్లా కాదు. తిండి బట్టే, దాని మీది చెమట, నూనె, దుమ్ము, గంజి అదనం. వెచ్చదనం మన ఊళ్ళల్లో ఏడాది పొడుగునా ఉచితం. మన చేతిలో మిగిలిందల్లా నీరు. నీరంటే కారే నీరే కానక్కర్లేదు, గాలిలో తేమ చాలు. బట్టను అంటుకుని ఉన్న గాలిలో తేమ 70 శాతం దాటి రోజుల తరబడి అలా నిలిచిపోతే మొలక వస్తుంది. తడిసినదాన్ని 24 నుంచి 48 గంటల్లోపు పూర్తిగా ఆరబెట్టాలనీ, ఇంట్లో తేమ 60 శాతం లోపు ఉంచుకోవాలనీ అమెరికా పర్యావరణ సంస్థ చెబుతుంది. విశాఖలో, సముద్రానికి రెండు కిలోమీటర్ల దూరంలో, ఆగస్టులో 60 శాతమా! చదివి నవ్వుకున్నాను. వానాకాలంలో మాకు బయట 80 మామూలు.

ఇస్త్రీ బట్టల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. బండి దగ్గర నీళ్ళు చిలకరించి, బొగ్గుల ఇస్త్రీపెట్టెతో నొక్కి, వేడివేడిగా దొంతర పెట్టి ఇస్తారు. ఆ వేడి చూసి ఎండినట్టు అనుకుంటాం. నిజానికి ఆవిరి మడతల మధ్యే ఉంటుంది. తెచ్చిన వెంటనే కబోర్డులోకి తొయ్యకుండా ఓ గంట కుర్చీ మీద పడెయ్యండి. ఇక కొట్టువాళ్ళిచ్చే జిప్పు ప్లాస్టిక్ కవర్లు: దుమ్ము పట్టదన్న మాట నిజమే, లోపలున్న తేమకి కూడా దారి ఉండదు. మా నాయనమ్మ పాత తెల్లపంచె ముక్కలో పట్టుచీర చుట్టి భోషాణంలో పెట్టేది. గుడ్డ ఊపిరి పీలుస్తుంది. పాత ఇళ్ళన్నీ స్వర్గాలని చెప్పడం లేదు, ఆ భోషాణంలోనూ చిల్లులు పడ్డ చీరలు నేను చూశాను. కానీ ఏటా సున్నం కొట్టిన గోడకి బూజు అంత తేలిగ్గా పట్టేది కాదు. సున్నం ఘాటు దానికి పడదు.

* * *

ఇంతకీ మా కబోర్డుకి నీరెక్కడిది? ఓనరుగారు పంపిన ప్లంబరు గోడమీద నాలుగుచోట్ల కొట్టి చూసి, "పైవాళ్ళ బాత్రూం లీకేజీ సార్" అని తేల్చేశాడు. పై ఫ్లాటువాళ్ళతో మాటా మాటా అనుకున్నాం. వాళ్ళు పిలిచి చూపించారు, సరిగ్గా ఆ గోడ పైన వాళ్ళకి ఉన్నది పూజగది. పెయింటరు వచ్చి, గోడ గీకి, డ్యాంప్ ప్రూఫ్ అని ఏదో రెండు కోట్లు వేసి 6,500 తీసుకున్నాడు. నెల తిరక్కుండా ఆ కొత్త పెయింటు మీదే నల్ల చుక్కలు ఆవగింజల్లా లేచాయి. బూజు మీద రంగు వేస్తే బూజు చావదు, ఊడిపోయేది రంగే.

అప్పుడు నాకెవరో ఒక ఇంజనీరు మిత్రుడు పైసా ఖర్చు లేని పరీక్ష చెప్పాడు. వంటింట్లో వాడే అల్యూమినియం రేకు చపాతీ అంత ముక్క కత్తిరించి, కబోర్డు లోపల గోడకి నాలుగువైపులా టేపుతో గాలి దూరకుండా అంటించాను. బట్టలు ఎప్పటిలాగే సర్ది, తలుపు మూసి, రెండ్రోజులు వదిలేశాను. రేకు వెనక, అంటే గోడవైపు తడి ఉంటే నీరు గోడలోంచి వస్తున్నట్టు. రేకు ముందు తడి ఉంటే గాలిలోంచి వస్తున్నట్టు. మూడోరోజు పొద్దున్నే తీసి చూశాను. రేకు ముందువైపు, ఫ్రిజ్‌లోంచి తీసిన నీళ్ళ సీసా మీద పట్టినట్టు సన్నటి బొట్లు. వెనక పొడిగా ఉంది.

ఆ కబోర్డు ఉన్నది అమ్మ గదిలో. అమ్మకి ఏసీ పడదు, కాళ్ళు లాగుతాయంటుంది. ఆ గోడకి అవతలివైపు మా పడకగది. అక్కడ రాత్రంతా ఏసీ, 20 డిగ్రీలు. మధ్యలో నాలుగున్నర అంగుళాల గోడ. 30 డిగ్రీల వేడీ 80 శాతం తేమా ఉన్న గాలి, 26 డిగ్రీల కన్నా చల్లగా ఉన్న దేన్ని తాకినా నీరు వదిలేస్తుంది. పైగా కబోర్డు నిండా కుక్కిన బట్టలు గోడకి దుప్పటి కప్పినట్టయ్యాయి. గదిలోని వెచ్చదనం గోడ దాకా పోకుండా అవి అడ్డుపడ్డాయి, గోడ ఇంకా చల్లబడింది. తేమ మాత్రం సందుల్లోంచి దూరిపోయింది. గోడవైపు మడతలకే బూజు ఎందుకు పట్టిందో అప్పటికి గానీ వెలగలేదు. నాలుగొందలు పెట్టి తేమ చూపించే చిన్న మీటరు కొన్నాను. గదిలో 74. కబోర్డులో, చీరల వెనక, 91.

ఆ ఏసీ అంత చల్లగా పెట్టుకునేది ఎవరు? 2020 నుంచి మన దేశంలో స్టార్ లేబుల్ ఏసీలు వెయ్యగానే 24 దగ్గర మొదలవ్వాలని నిబంధన ఉంది. మాదీ 24తోనే మొదలవుతుంది. దాన్ని రోజూ 20కి దించే వేలు నాదే. పైవాళ్ళ బాత్రూంని తిట్టిన నోరు కూడా.

ఇప్పుడు ఏసీ 26, తోడు ఫ్యాను. కబోర్డు ఖాళీ చేసి, సర్ఫు నీళ్ళలో ముంచి పిండిన గుడ్డతో అరలూ గోడా తుడిచి (పొడి చీపురు పెట్టకూడదు, మళ్ళీ అదే దులపడం), బాగా ఆరాక బట్టలు గోడకి నాలుగువేళ్ళు ఎడంగా సర్దాం. పట్టుచీరలన్నీ మా గదిలో ఉన్న ఇనప బీరువాలోకి మారాయి, ఏసీ గదిలో గాలి ఎలాగూ పొడిగా ఉంటుంది కాబట్టి.

ఓనరుగారితో జరిగిన సంభాషణ మాత్రం ఇంకా గుచ్చుతూనే ఉంది. "మీకు ముందు ఆరేళ్ళున్నవాళ్ళకి ఏం రాలేదండీ. ఇల్లు వాడుకోవడంలో ఉంటుంది" అన్నారాయన. ఆయన మాట సగం నిజం కావడం నాకు మింగుడుపడని విషయం. కానీ మిగతా సగం? ఏసీ పెట్టుకునే గదికీ పక్క గదికీ మధ్య నాలుగున్నర అంగుళాల గోడ కట్టి, దానికే వెనక పలక లేకుండా, గాలి ఆడే చిన్న సందు కూడా లేకుండా కబోర్డు బిగించింది మేమా? పోనీ ఓనరుతో సరిపెట్టుకుందామన్నా, చుట్టాలు ఊరుకోలేదు. "అప్పుడప్పుడూ చీరలు తీసి ఎండబెట్టుకోవాలమ్మా" అని ఆరుగురు చెప్పారు, ఆరుగురూ మా ఆవిడకే చెప్పారు. నాకొక్కరూ చెప్పలేదు.

"వాడకం సరిగ్గా లేదు" అన్న మాట ఎంత దూరం పోగలదో మా పిన్ని కొడుకు చెప్పాడు. వాడు మాంచెస్టర్లో ఉంటాడు. అక్కడికి దగ్గర్లోనే రాచ్‌డేల్ అనే ఊళ్ళో, అద్దె ఫ్లాటులో బూజు గురించి ఒక కుటుంబం ఏళ్ళ తరబడి మొత్తుకుంది. ఇల్లు అద్దెకిచ్చిన సంస్థవాళ్ళు మీ జీవనశైలి వల్లే అన్నారు. ఆ ఇంటి పిల్లవాడు, రెండేళ్ళ అవాబ్ ఇషాక్, 2020 డిసెంబరులో చనిపోయాడు. ఇంట్లోని బూజు వల్ల ఊపిరి జబ్బు చేసి పోయాడని 2022 నవంబరులో విచారణాధికారి తేల్చారు. మర్నాటి ఏడాది వచ్చిన చట్టంలో, అద్దెకిచ్చిన సామాజిక గృహాల్లో (స్థానిక ప్రభుత్వాలూ లాభాపేక్ష లేని సంస్థలూ తక్కువ అద్దెకిచ్చే ఇళ్ళు) బూజునీ చెమ్మనీ గడువులోగా సరిచెయ్యాలన్న నిబంధనకి ఆ పిల్లవాడి పేరే పెట్టారు. మన దగ్గర అద్దె ఒప్పందపత్రంలో మేకులు కొట్టకూడదని ఉంటుంది, చెమ్మ గురించి ఒక్క ముక్క ఉండదు.

ఆ తమ్ముడే ఇంకో సలహా కూడా ఇచ్చాడు: "అన్నయ్యా, రోజూ ఓ పావుగంట కిటికీలు తీసి ఉంచండి, అంతే." ఇంటర్నెట్టులో ఎక్కడ చూసినా ఇదే ఉంటుంది. వాడికి అది నిజం. చలిదేశంలో బయటి గాలి చల్లనిది, అందులో నీరు తక్కువ. ఇంట్లో వండిన అన్నం ఆవిరి, హీటరు మీద ఆరేసిన బట్టల తడి బయటికి పోవాలంటే కిటికీ తియ్యాల్సిందే. విశాఖలో ఆగస్టులో కిటికీ తీస్తే సముద్రమే లోపలికొస్తుంది. మాకు పనికొచ్చేది ఏసీలో డ్రై మోడ్, లేకపోతే ఎండ కాసిన రోజు మధ్యాహ్నం. హైదరాబాదువాళ్ళకి ఎండ తగిలిన మధ్యాహ్నం కిటికీ తీసినా లాభమే. ఎక్కడి సలహానో ఇక్కడ పెట్టుకునే ముందు ఆ నాలుగొందల మీటరు చూసుకోవడం నయం.

* * *

కలరా ఉండల గురించి కూడా నాకు గట్టి అభిప్రాయమే ఉంది. పేరులో కలరా ఉన్నా వాటికి కలరాతో సంబంధం లేదు, బూజుతోనూ లేదు. అవి నాఫ్తలీన్, బట్టలు కొట్టే పురుగుల్ని తరమడానికి. మనం బీరువాలో వాసన వస్తే నాలుగు ఉండలు పడేస్తాం, ముక్క వాసన ఆ ఘాటు కింద దాక్కుంటుంది, బూజు తన పని తాను చేసుకుంటుంది. అంతకన్నా పెద్ద భయం పసిపిల్లలది. పురిటింట్లో పొత్తిళ్ళకీ ఉయ్యాలకీ మెత్తగా ఉంటాయని బీరువాలోంచి పాత చీరలు తీస్తాం కదా. కొందరు పిల్లలకి పుట్టుకతోనే జీ-సిక్స్-పీడీ అనే ఎంజైము తక్కువగా ఉంటుంది. నాఫ్తలీన్ పట్టిన గుడ్డలో చుడితే వాళ్ళ రక్తకణాలు పగిలిపోయి, కామెర్లు ముదిరి, మెదడు దెబ్బతినే దాకా పోవచ్చు. ఎండలో వేసినంత మాత్రాన ఆ గుడ్డ పనికొస్తుందనుకోకండి. పొత్తిళ్ళ కోసం దాచే చీరల దగ్గరికి ఆ ఉండలే రానివ్వకండి.

వేపాకు కూడా పురుగుకే. పైగా పచ్చి రెమ్మలు తెచ్చి పెడితే ఆకులోని నీరంతా బీరువాలోకే వదులుతుంది. చెప్పుల పెట్టెలో వచ్చే సిలికా జెల్ పొట్లాలు నాలుగు పడేస్తే చీరల బీరువాకి అవి ఏమూలకీ రావు. కాల్షియం క్లోరైడ్ ఉండే డబ్బాలు నిజంగానే నీరు లాగుతాయి, కబోర్డు తలుపు గట్టిగా మూసి ఉంటే. కింద నిండే ఆ ద్రవం బట్టల మీదా తోలు మీదా ఒలికితే పాడుచేస్తుంది, పిల్లలకి అందనివ్వకూడదు.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు మా పెద్దమ్మ కూతురి ఇల్లు విజయవాడ సింగ్ నగర్లో నీళ్ళలో ఉంది. నీరు తీశాక వెళ్ళాం. బురదలో బట్టలు తాడు పేనినట్టు మెలిపడి ఉన్నాయి. పార్టికల్ బోర్డు వార్డ్‌రోబ్ ఉబ్బిపోయి, పొరలు విచ్చుకుని, అప్పటికే లోపల పచ్చగా బూజు. అక్క దాన్ని కడిగి ఎండబెడదామంది. అలాంటి చెక్క స్పాంజి లాంటిది, లోపలికంటా దిగిన మురుగునీరు ఏ ఎండకీ రాదు. దాన్ని పారేయించడానికి అరపూట వాదించాను. ఆ వాదనలో ఉండగానే బాత్రూంలోంచి దగ్గు వినిపించింది. బావగారు ముందు నేలంతా బ్లీచింగ్ పౌడర్ చల్లి, అది చాల్లేదని దాని మీదే సైకిలు మీద అమ్మే బాత్రూం యాసిడ్ పోశారు. రెండూ కలిస్తే వచ్చేది క్లోరిన్ వాయువు. 1915లో మొదటి ప్రపంచయుద్ధంలో జర్మన్లు బెల్జియంలోని ఈప్ర్ దగ్గర వదిలింది ఆ వాయువునే. తలుపు తీసి ఆయన్ని వీధిలోకి లాక్కొచ్చాం. కళ్ళలోంచి నీళ్ళు, మాట రాలేదు. అదృష్టం, గంటలో తేరుకున్నారు. బ్లీచింగ్‌లో యాసిడ్ గానీ, వెనిగర్ గానీ, టాయిలెట్ కడిగే మందు గానీ, అమ్మోనియా ఉన్న గాజు తుడిచే మందు గానీ కలపకండి. ఒకదాని తర్వాత ఒకటి కూడా వద్దు. బూజుకి అసలు బ్లీచింగే అక్కర్లేదు. చచ్చిన బూజు కూడా ఆయాసం తెప్పిస్తుంది. చంపడం కన్నా తుడిచి తీసెయ్యడం ముఖ్యం, దానికి సర్ఫు చాలు. గోడమీద సగం తలుపంత మేర దాటి పాకితే మాత్రం సొంతంగా చెయ్యి పెట్టకుండా, పని తెలిసినవాళ్ళని పిలవండి.

బూజు రంగు చూసి భయపడేవాళ్ళకి ఒక మాట. 2021లో రెండో వేవ్ అప్పుడు ఉల్లిపాయ మీది నలుపు, ఫ్రిజ్ రబ్బరు మీది నలుపు చూసి బ్లాక్ ఫంగస్ అని వాట్సాప్ నిండా హడలెత్తించారు. ఆ జబ్బు మ్యూకోర్మైకోసిస్, అది వేరే శిలీంధ్రాల పని. అందులో నలుపు చచ్చిపోయిన కండది. గోడమీద నల్లగా ఉందని ప్రాణాంతకమూ కాదు, చీరమీద తెల్లగా ఉందని మంచిదీ కాదు. ఏ రంగయినా తీసెయ్యాల్సిందే.

బూజు అన్న మాట దగ్గర మన భాష మనల్ని తప్పుదోవ పట్టించింది గానీ, ఇంకో మాట దగ్గర మాత్రం సూటిగా చెప్పింది. గోడకి తేమ ఎక్కితే నెమ్మెక్కింది అంటాం. పిల్లాడికి ఊపిరితిత్తుల్లో కఫం పడితే నెమ్ము చేసింది అంటాం. చెమ్మ ఇళ్ళల్లో ఉబ్బసం, పిల్లికూతలు ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో పుస్తకమే వేసింది. ఆ సంగతి అమ్మకి చెబితే, "నెమ్ముకి నెమ్ము రాక ఏవొస్తుందిరా" అంది, అదేదో తనకెప్పట్నించో తెలిసినట్టు.

ఈ ఏడాది వ్రతానికి మా ఆవిడ ఆ నేరేడుపండు చీరే కట్టుకుంది. రూపాయి బిళ్ళంత మచ్చ ఒకటి పోలేదు, కుచ్చిళ్ళ మడతలోకి పోయేలా సర్దుకుంది. సాయంత్రం చీర విప్పాక హ్యాంగరుకి వేసి, రాత్రంతా ఆరనిచ్చి, మర్నాడు మడతలు మార్చి తెల్లగుడ్డలో చుట్టింది. ఏసీ రిమోట్ మాత్రం ఇప్పుడు అమ్మ దిండు కింద ఉంటోంది. అర్ధరాత్రి ఉక్కపోసి లేచి అడిగితే, "ఇరవయ్యారు చాల్లే, పడుకో" అంటుంది, కళ్ళు తెరవకుండానే.